అక్షరానికి హద్దు ఎవరు గీయాలి? బ్రౌజర్ గడులు, తెలుగు శాఖల మౌనం

బ్రౌజర్ ఇంజిన్లలోని దోషాలను సరిదిద్దడం సాంకేతిక నిపుణుల పని అనీ, తెలుగు శాఖలకు దానితో నిమిత్తం లేదనీ విద్వల్లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడింది. ఇది నిలిచే వాదం కాదు. టైపు చేసే గడిలో మీట నొక్కిన ప్రతిసారీ ఇంజిన్ ఒక నిర్ణయం చేయవలసి వస్తుంది: అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నది? ఈ ప్రశ్న వ్యాకరణానిది, ఛందస్సుది.

‘స్త్రీ’ శబ్దాన్ని పరిశీలించవచ్చు. ఛందస్సులో అది ఒకే అక్షరం, ఒక గురువు. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దక్కింది. అయినా అక్షర విభజనకు యూనికోడ్ ఏర్పరచిన సామాన్య నియమం ఈ మాటను స్, త్, రీ అని మూడు ముక్కలుగానే చూస్తూ వచ్చింది. తెలుగుతో సహా ఆరు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న సూత్రం 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పుతో గాని అందులో చేరలేదు. అంతవరకు ఆ నియమాన్ని తు.చ. తప్పక పాటించిన గడిలో బాణపు మీట నొక్కితే కర్సర్ ఒత్తుల నడుమ, కంటికి చోటే లేని తావులో ఆగేది. ఛందస్సు తొలి పాఠం ప్రమాణంలోకి ఎక్కడానికి 32 ఏళ్లు పట్టింది!

బ్యాక్‌స్పేస్ కూడా అక్షరమంతటినీ ఒక్క దెబ్బతో చెరపాలని కొందరు వాదిస్తారు. అది తొందరపాటు. ‘స్త్రీ’కి బదులు ‘స్త్రి’ అని పడినప్పుడు గుడి ఒక్కటి తొలగితే చాలు, కూర్చిన ఒత్తులన్నీ పోనక్కరలేదు. డిలీట్ మీట సంగతి వేరు. అది కర్సర్‌కు కుడివైపు అక్షరం మీద పనిచేస్తుంది. అక్కడ ‘స’ ఒక్కటే పోతే పొల్లు ఆధారం లేక మిగిలిపోతుంది. కనుక వెనక్కి చెరపడానికి సంకేతమూ, ముందుకు చెరపడానికీ కర్సర్ కదలికకూ అక్షరమూ కొలమానం కావాలి. ఈ భేదాన్ని లిపి నిర్మాణం ఎరిగినవారు తప్ప ఎవరు నిరూపించగలరు?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపై దీర్ఘం: ఈ వరుసను చూపబోయి యాప్‌లు కూలిపోయాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దానిని సవరించింది. దోషం పాఠ్యాన్ని చిత్రించే ప్రోగ్రాముది, నింద మాత్రం లిపిది. ‘తెలుగు బగ్’ అన్న ఆ పేరును తెలుగు పత్రికలు సైతం నిస్సంకోచంగా వాడుకున్నాయి.

ఇక అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలలోని శిక్షణ సంస్థలలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చి వెళ్లినవారు ఎందరో. ఆ పాఠాలలో గడిని పరీక్షించడానికి ఒక్క తెలుగు పేరైనా ఇస్తున్నారా? ‘అక్షరాలు మాత్రమే’ అనుమతించే సూత్రంలో యూనికోడ్ ‘లెటర్’ వర్గాన్ని మాత్రమే పేర్కొంటే ‘సరళ’ చెల్లుతుంది, ‘సీత’ చెల్లదు. గుణింతపు గుర్తులు ‘మార్క్’ వర్గంలో ఉండటమే కారణం. పది అక్షరాల పరిమితి గల గడిలో మూడక్షరాల ‘శ్రీలక్ష్మి’ పట్టదు, దాని సంకేతాలు పదకొండు. ఇది ఇంజిన్ తప్పు కూడా కాదు, హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే అలా లెక్కించమంటున్నది. పక్కనున్న పంజాగుట్టలో దరఖాస్తు నింపుకొనే మనిషికి ఈ తేడాలేవీ తెలియవు. తెలుగులో రాస్తే తంటా అని తెలుస్తుంది, ఇంగ్లీషులో నింపి వెళ్తాడు. భాషా వినియోగం తగ్గుతున్నదని సదస్సులలో విచారించేవారు ఈ గడి దగ్గర ఆగి చూసినట్లు కనబడదు.

బ్లింక్, గెకో, వెబ్‌కిట్ ఇంజిన్ల మూలపాఠాలు బహిరంగం. దోషాన్ని నివేదించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. దిద్దేవారికి కావలసింది పదాలు, వాటి విభజన, కారణం. ‘కార్త్స్న్యం’లో కర్సర్ ఎన్నిచోట్ల ఆగాలి? ‘సాఫ్ట్‌వేర్’లోని అదృశ్య సంకేతాన్ని దాటడానికి బాణపు మీటను అదనంగా నొక్కవలసి రావాలా? ‘వాఙ్మయం’లో డిలీట్ ఏ మేరకు చెరపాలి? ఇటువంటి రెండు వందల పదాల పట్టికను సకారణంగా సిద్ధం చేయడం ఒక సిద్ధాంత వ్యాసానికి చాలిన పని.