షుగర్ బిళ్లతో పాటు జొన్న ధర కూడా అడగాలి

గుండెపోటు, షుగర్ పట్నం జబ్బులనీ, ఎండలో ఒళ్లు వంచి పనిచేసే రైతుకు రావనీ నమ్మేవాళ్లు మన నకరికల్లు మండలంలో ఇంకా ఉన్నారు. ఆ మాట తప్పని ఇరవై ఏళ్ల కిందటే తేలింది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, సుమారు 1.8 లక్షల జనాభాలో జరిగిన మరణాలకు ఇంటింటికీ వెళ్లి కారణం ఆరా తీశారు. నూటికి 32 మరణాలు గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బుల వల్లే జరిగాయి. అంటువ్యాధుల వాటా 12 మాత్రమే. ఇక 2023లో ఐసీఎంఆర్ బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఈమధ్య సెల్‌ఫోను వీడియోల్లో ‘ఫంక్షనల్ మెడిసిన్’ అనే మాట వినపడుతోంది. 1991లో అమెరికాలో జెఫ్రీ బ్లాండ్ అనే ఆయన దీనికి ఒక సంస్థ పెట్టాడు. జబ్బు వచ్చాక బిళ్ల ఇవ్వడం కాదు, ఎందుకొచ్చిందో వెతికి తిండి, నిద్ర, నడక, మనసులో ఒత్తిడి, ఒంట్లోకి పోయే విషాలు సరిచేయాలన్నది వాళ్ల వాదన. ఇందులో కాదనేదేముంది? చెన్నైలో షుగర్ గుమ్మంలో ఉన్న 531 మంది మీద మూడేళ్లు చేసి 2006లో ప్రచురించిన పరిశోధన కూడా అదే చెబుతోంది. మామూలు సలహాతో వదిలేసిన వాళ్లలో నూటికి 55 మంది షుగర్‌లో పడ్డారు. తిండి, నడక మార్చుకున్న వాళ్లలో 39 మందే.

నాకు పేచీ ఉన్నది ఆ తర్వాతి మెట్టు దగ్గర. మూలం వెతుకుతామని చెప్పి చాంతాడంత రక్తపరీక్షల చీటీ రాయడం, చివర పొడుల డబ్బాలు చేతిలో పెట్టడం కౌలు రైతుకు ఏం ఉపయోగం? అతని జబ్బుకు మూలం అతని ఒంట్లో ఒక్కచోటే లేదు. పొలంలో ఉంది, రేషన్ కొట్లో ఉంది, అప్పు పత్రంలో ఉంది.

మన కంచం సంగతే చూడండి. పలనాడు జొన్న సీమ. ఇక్కడ మన్మథుడైనా జొన్నకూడే తినాలని ఎగతాళి చేసిన చాటువు శ్రీనాథుడి పేరున ఇప్పటికీ చెప్పుకుంటారు. 1967లో సాగర్ కాలవకు నీళ్లొదిలారు. మెట్ట మాగాణి అయింది, వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకాలివి, వాటిని తప్పుపట్టేవాడు ఆకలి ఎరగనివాడు. కానీ మూడు పూటలా తెల్లన్నం, నంజుకోను పచ్చడి, పప్పు పలచన, కూర పేరుకు మాత్రం అన్న పద్ధతి అప్పుడే స్థిరపడింది. పనిలోకి ట్రాక్టరు, పొలానికి బండి వచ్చి నడక తగ్గినా అన్నం కొలత మాత్రం తగ్గలేదు.

విషాల సంగతి మనకు ఇంకా దగ్గర. మిర్చికీ పత్తికీ మనం కొట్టే మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకాలున్నాయి. వీటికీ షుగర్‌కీ సంబంధం ఉన్నట్టు మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించారు. మందు తగిలే వ్యవసాయ కుటుంబాల్లో షుగర్ ఎక్కువగా కనిపించింది, ఎలుకల మీద చేసిన ప్రయోగంలోనూ రక్తంలో చక్కెర పెరిగింది. ఇదొక్కటే ఆఖరి రుజువు కాదు. అయినా ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, చేతికి తొడుగు లేకుండా డబ్బా భుజానేసుకునే మనం దాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఇక ఒత్తిడి! 2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు నిద్రపట్టని రైతుకు ప్రాణాయామం చేయమని చెప్పడం సులువే. క్వింటాలుకు కేంద్రం అప్పుడు ప్రకటించిన 11,781 రూపాయలతో పెట్టుబడి రాదని తెలిసినవాడికి నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాబట్టి తిండి మార్చుకోమనే సలహా పంట మార్చే దారి చూపిస్తేనే సలహా. 2025–26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర 3,699 రూపాయలు, సాధారణ వడ్లకు 2,369. కాగితం మీద జొన్నే మిన్న. ఆ ధరకు ప్రతి సీజనులోనూ కొనే కేంద్రం దగ్గర్లో ఉండాలని, కార్డుదారు కోరుకుంటే బియ్యం బదులు నెలనెలా జొన్నలివ్వాలని సంఘం అడగాలి. కొర్రలకైతే మద్దతు ధరే లేదు. 2023ను ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరమని ఊరూరా బ్యానర్లు కట్టినా ఆ లోటు తీరలేదు.

వరి వదలలేని మాగాణి రైతుకూ ఒక దారి ఉంది. మన బాపట్ల సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం చేర్చి హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదల చేశాయి. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ సుమారు 51, అంటే తిన్నాక చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. మందు ఖర్చూ తగ్గుతుంది. అయినా అన్నం అన్నమే, కొలత తగ్గించి పప్పు, ఆకుకూర పెంచక తప్పదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జొన్నరొట్టె మొదలుపెట్టామని, ఎవరో వీడియోలో చెప్పారని బీపీ, షుగర్ బిళ్లలు ఆపకండి. ఇన్సులిన్ అసలే ఆపకూడదు. తిండి మారి చక్కెర తగ్గితే మోతాదు తగ్గించేది డాక్టరే. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ పీహెచ్‌సీలో బీపీ, షుగర్ ఉచితంగా చూడాలి, బిళ్లలు నెలంతటికీ ఇవ్వాలి. ఎన్టీఆర్ వైద్య సేవ గుండెకు స్టెంటు వేయిస్తుంది, మంచిదే. స్టెంటు దాకా పోకుండా ఆపే రూపాయి బిళ్ల అయిపోయిందంటే ఊరుకోకూడదు.

జొన్న వేయమంటే మనవాళ్లు మొదట చెప్పే అడ్డంకి పిట్టలు. నిజమే, ఊరంతటికీ ఒకే చేను ఉంటే చిలకలన్నీ దాని మీదే పడతాయి. పక్కపక్కన పదిమంది వేస్తే కాపలా పంచుకోవచ్చు. వచ్చే రబీకి అలా కలిసి వేయదలచిన వాళ్లు ఎకరాల లెక్కతో సంఘం గ్రామ కమిటీల దగ్గర పేర్లు రాయించండి.