అమెరికా సంపదకు రంగు కలదా?

అమెరికా పేరు విన్నంతనే కన్నులు మెఱయని విద్యార్థి మన కళాశాలలో అరుదు. ఆ దేశపు విశ్వవిద్యాలయములను, పరిశోధనాలయములను మేమును గౌరవింతుము. అయితే అచ్చటి సంపద ఎవరికి ఏ విధముగ చేరినదో విచారింపక పొగడుట చదువుకొన్నవారికి తగదు.

మానవులందఱు సమానులని 1776లో చాటిన ప్రకటనను రచించిన జెఫర్సన్ మహాశయుడు తన జీవితకాలమున 600కు పైగా బానిసలకు యజమాని. 1865లో బానిసత్వము రద్దయినది. 1870లో నల్లజాతి పురుషులకు ఓటుహక్కు కాగితముపై వచ్చినది. దక్షిణ రాష్ట్రములలో అది చేతికందుటకు 1965 నాటి చట్టము కావలసి వచ్చినది. ఇవి చరిత్ర పుస్తకములు చెప్పునవే.

బానిసత్వము పోయి 160 ఏండ్లు గడచినను తారతమ్యము ఏల పోలేదు, కష్టించినవాడు పైకి రాడా అని కొందఱు మమ్ము ప్రశ్నింతురు. దీనికి సమాధానము ఇండ్ల చరిత్రలో కలదు. 1930 ప్రాంతములలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అను ప్రభుత్వసంస్థ 200కు పైగా నగరముల పటములు గీయించి, అప్పిచ్చుట ప్రమాదకరమని తలచిన పేటలకు ఎఱ్ఱరంగు పూయించెను. నల్లవారు నివసించు పేటలు దాదాపు అన్నియు ఎఱ్ఱవే! 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ సైతము అట్టి పేటల అప్పులకు పూచీపడుటకు వెనుదీసెను. అదే పూచీతో తెల్లవారు నగరముల వెలుపల స్వల్పవడ్డీకి ఇండ్లు కొనిరి. న్యూయార్కు సమీపమున 1947లో ఆరంభమైన లెవిట్‌టౌన్‌లో తెల్లవారు తప్ప అన్యులు నివసింపరాదని ఒప్పందపత్రములలోనే వ్రాసికొనిరి. నల్లవారిని పనివారిగ పెట్టుకొనుటకు మాత్రము అభ్యంతరము లేదట!

1968లో చట్టము ఈ వివక్షను నిషేధించినది. కాని అప్పటికే తెల్లవారి ఇండ్ల విలువ పెరిగి, బిడ్డల చదువులకు, వ్యాపారములకు పెట్టుబడి అయినది. చట్టము తలుపు తెఱచెనే గాని, గడచిన 30 ఏండ్ల లాభమును తిరిగి ఇయ్యలేదు. 2022లో ఫెడరల్ రిజర్వు జరిపిన పరిశీలనలో మధ్యస్థపు తెల్ల కుటుంబము ఆస్తి సుమారు 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబముది సుమారు 45,000. ఇది సోమరితనపు లెక్కయని మేము అంగీకరింపము.

స్త్రీల విషయమును చూడుడు. 1920లో ఓటు, 1963లో సమానవేతన చట్టము వచ్చినవి. అయినను 1974 వరకు భర్త సంతకము లేనిదే అప్పు ఇయ్యమని బ్యాంకులు చెప్పగలిగినవి. నేటికిని ప్రసవించిన తల్లికి వేతనముతో సెలవు ఇయ్యవలెనను జాతీయ చట్టము అచ్చట లేదు. 1993 చట్టము వేతనము లేని 12 వారములే ఇచ్చినది, అదియు అందఱికిని గాదు. మన దేశమున ప్రసూతి చట్టము 1961లోనే వచ్చినది. మన పొలములలో నాట్లు వేయు తల్లులకు అదియు అందదనుట వేఱు మాట.

మన తెలుగువారికిని ఈ కథలో భాగము కలదు. భారతీయుడు తెల్లవాడు కాడు గనుక పౌరుడు కాజాలడని 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1965 నాటి వలస చట్టము తర్వాతనే మన వైద్యులు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో వెళ్లగలిగిరి. నల్లవారి పౌరహక్కుల పోరాటము కదలించిన దినములలోనే ఆ తలుపు తెఱువబడినది. అచ్చట స్థిరపడి సెలవులకు వచ్చిన మన మిత్రులలో కొందఱు నల్లవారికి కష్టించు గుణము లేదని పలుకగా మేము చెవులార వింటిమి. ఇల్లు కొనుటకు ముందు ఆ పేటలో ఎవరెవరు కాపురముందురో విచారింతురట.