మన యింటి సంగతులు: రెండు కొలువుల ఆటపెట్టె

టెలివిజను ఒక్కటియు, దానిని కోరువారు ముగ్గురును గల యింట సాయంకాలమెట్లుండునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. మా యింట అత్తగారికి ప్రవచనము, పిల్లలిద్దరికి ఆట. ఈ తగవునకు మందుగా, అమెరికానుండి వచ్చిన మా తమ్ముడు నింటెండో స్విచ్ అను ఆటయంత్రమును పిల్లల చేత బెట్టెను.

జపానుదేశపు క్యోటో నగరమున 1889లో పూలబొమ్మల ఆటముక్కలు చేయుటతో మొదలైన సంస్థ దీనిని 2017 మార్చి 3న వెలువరించినది. దీని విశేషము రెండు కొలువులు చేయుటయే. డాకు అను పీఠమున నిలిపి, తీగతో టెలివిజనుకు కలిపినచో ఆట పెద్ద తెరపై కనబడును. పైకెత్తినంతనే, అదే ఆట చేతిలోని తెరపై సాగును. పీఠముపై కరెంటు అందుచుండును గావున యంత్రము హెచ్చు బలముతో పనిచేసి, 1080 వరుసల చుక్కలతో బొమ్మ చూపగలదు. చేతికి వచ్చినప్పుడు బ్యాటరీని పొదుపుచేయుచు 720తో సరిపుచ్చుకొనును. రాబడినిబట్టి వ్యయమను గృహిణి నీతి దీనికిని తెలియును కాబోలు!

మాకు వచ్చినది 2021 నాటి ఓఎల్ఈడీ రకము. తెర 7 అంగుళములు. ఆటనుబట్టి బ్యాటరీ సుమారు నాలుగున్నర మొదలు తొమ్మిది గంటలు నిలుచును. ఇరుప్రక్కల జాయ్-కాన్ అను మీటపిడులు ఊడివచ్చి ఇద్దరికి చెరియొకటి యగును. చేయి కదలికను అవి కనిపెట్టును. ఆటలుండు చిన్న బిళ్లలకు పిల్లలు మ్రింగకుండ చేదు మందు పూసియుందురు. ఈ ముందుచూపు మాకు మిక్కిలి నచ్చినది. కొనదలచినవా రొకటి గమనింపవలెను: 2019లో వచ్చిన లైట్ రకము టెలివిజనుకు కలియదు, దాని పిడులు ఊడవు. 2025లో వచ్చిన స్విచ్ 2 తెర 7.9 అంగుళములు, దాని పిడులు అయస్కాంతముతో అంటుకొనును.

తగవు తీరినది. మేమును సంతసించితిమి. ఒకనాటి రాత్రి రెండు గంటలకు మా పెద్దవాని దుప్పటిలో వెలుగు కనబడెను. మందలింపబోగా వాడు, “అమ్మా, నేనెవరికిని అడ్డము రాలేదు గదా!” అనెను. మాకు నోట మాట రాలేదు. గొడవ లేకపోవుటయే శాంతియని తలచి, బిడ్డను ఒక మూలకు పంపివేసితిమి. తప్పు యంత్రముది కాదు.

మరునాడు వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తలిదండ్రుల కొరకు ఆ సంస్థవారే యిచ్చు సాధనమును ఫోనులో అమర్చి, రోజునకెంత సేపో వానితోనే నిర్ణయింపజేసితిమి. గడువు తీరగానే ఆట నిలిచిపోవునట్లు చేయవచ్చును. రాత్రి యంత్రము హాలులోని పీఠముపైననే యుండవలెనని నియమము. ఆదివారములందు మాత్రము పెద్ద తెరపై అందరమును ఆడుదుము. మొన్న అత్తగారు ఒక పిడి పట్టుకొని బంతి దొర్లించి మనుమని ఓడించిరి!

సోదరీమణులారా, వస్తువు ఏ కొలువు చేయవలెనో నిర్ణయింపవలసినది మనమే. ఇల్లు నిశ్శబ్దముగ నున్నప్పుడు ఒక్కమారు లేచి చూడుడు.