ఎరువు బస్తా వెనుక గంధకామ్లం

రైతు కొనే డీఏపీ బస్తా బరువు 50 కిలోలు. అందులో భాస్వర పోషకం 23 కిలోలు. దానిని రాక్ ఫాస్ఫేట్ నుంచి రాబట్టడానికి దాదాపు 60 కిలోల సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. అంటే, బస్తాను మించిన బరువు గల ఆమ్లం దాని తయారీకి ఖర్చవుతోంది. బ్యాటరీలు, రంగులు, ఔషధాలు, ఉక్కు శుద్ధి వంటి అనేక అవసరాలకూ ఈ ఆమ్లమే ఆధారం. అయినా ప్రపంచ ఉత్పత్తిలో సగానికి పైగా ఎరువులకే వెళుతోంది.

ఇంతటి కీలక రసాయనం లభ్యతను నిర్ణయించేది మాత్రం ఎరువుల గిరాకీ ఒక్కటే కాదు. మన దేశంలో ఇది ప్రధానంగా రెండు మార్గాల్లో తయారవుతుంది. మొదటిది, గంధకాన్ని మండించడం. ఆ గంధకం చమురు, సహజవాయువుల శుద్ధిలో లభించే ఉప ఉత్పత్తి. దేశీయ ఉత్పత్తి చాలక గల్ఫ్ దేశాల నుంచి దిగుమతి చేసుకుంటున్నాం. రెండవది, రాగి, జింకు కర్మాగారాల్లో వెలువడే గంధక వాయువును ఆమ్లంగా మార్చడం.

ఈ రెండవ మార్గం ఎంత సున్నితమైనదో తూత్తుకుడి తెలియజేసింది. కాలుష్యంపై ఆందోళన చేస్తున్న ప్రజలపై 2018 మే నెలలో జరిగిన పోలీసు కాల్పుల్లో 13 మంది మరణించారు. అక్కడి స్టెరిలైట్ రాగి కర్మాగారాన్ని తమిళనాడు ప్రభుత్వం మూసివేయించింది. రాగితో పాటు దక్షిణాది పరిశ్రమలకు అందుతున్న ఆమ్లమూ ఆగిపోయింది. నిబంధనల ఉల్లంఘన పదేపదే జరిగిందని పేర్కొంటూ సుప్రీంకోర్టు 2024లో ఆ మూసివేతను సమర్థించింది. సరఫరా అవసరం ఎంతటిదైనా, ప్రజల ప్రాణాలకు అది ప్రత్యామ్నాయం కాజాలదు.

ఈ నేపథ్యంలో ఎరువుల సంస్థలు సొంత ఆమ్ల కర్మాగారాలపై దృష్టి సారించాయి. విశాఖపట్నంలో కోరమాండల్ సంస్థ రోజుకు 1,650 టన్నుల సామర్థ్యంతో నెలకొల్పిన కర్మాగారం 2023లో ప్రారంభమైంది. ఆమ్లం కంటే ఘనరూప గంధకాన్ని నిల్వ చేయడం, రవాణా చేయడం సులభం. ఒక టన్ను గంధకం సుమారు మూడు టన్నుల ఆమ్లాన్ని ఇస్తుంది. మండించినప్పుడు వెలువడే వేడితో విద్యుత్తూ లభిస్తుంది. అయితే, ఆమ్లం కోసం పరాధీనత తగ్గినా, గంధకం కోసం పరాధీనత మిగిలే ఉంటుంది.

డీఏపీ బస్తా గరిష్ఠ ధరను 1,350 రూపాయల వద్ద నిలిపి ఉంచడం వల్ల ముడిసరుకు భారం చాలావరకు రాయితీ రూపంలో ఖజానాపై పడుతోంది. రైతుకు ఆ భారం ధరలో కనిపించకపోవచ్చు. సరఫరా కుంటుపడితే మాత్రం విత్తనాల వేళ కొరత రూపంలో ఎదురవుతుంది. రేవుల వద్ద గంధకం నిల్వలు, దీర్ఘకాలిక దిగుమతి ఒప్పందాలు, భూసార పరీక్షల ఆధారంగా భాస్వరం పొదుపు: ఈ మూడూ కలిసి సాగితేనే ఆ ముప్పు తగ్గుతుంది.