ముగ్గురు అక్కచెల్లెళ్ళు, మూడు ఊళ్ళు

వేసవి సెలవులలో మా ఇంటి పిల్లల కోసం మేము ఒక తర్కపు పజిల్ తయారుచేశాము. ఆయిషా, సఫియా, మర్యమ్ అనే ముగ్గురు అక్కచెల్లెళ్ళలో ఒకరు జగిత్యాలలో, ఒకరు కోరుట్లలో, ఒకరు సిరిసిల్లలో కాపురముంటున్నారు. ఒకరు టీచరు, ఒకరు నర్సు, ఒకరు కుట్టుపని చేస్తారు. ఎవరు ఏ ఊళ్ళో ఉన్నారు, ఏ పని చేస్తున్నారు అన్నది ప్రశ్న. ఆధారాలు మూడే. సిరిసిల్లలో ఎవరుంటే వారు కుట్టుపని చేస్తారు. ఆయిషా సిరిసిల్లలో లేదు, టీచరూ కాదు. సఫియా ఉండేది కోరుట్లలో. (సిరిసిల్ల అనగానే మరమగ్గాలు గుర్తుకు వస్తాయి గనుక బట్టకు సంబంధించిన పనిని ఆ ఊరికే కేటాయించాము.)

కాగితంపై గళ్ళు గీసి, కాదన్న చోట అడ్డగీత, అవునన్న చోట చుక్క పెట్టుకుంటూ పోతే జవాబు తేలుతుంది. కోరుట్ల సఫియాది. సిరిసిల్ల ఆయిషాది కాదు కాబట్టి ఆమెది జగిత్యాల. సిరిసిల్ల మర్యమ్‌కు మిగిలింది, దానితోపాటు కుట్టుపనీ ఆమెకే దక్కింది. ఆయిషా టీచరు కాదు కనుక నర్సు, సఫియా టీచరు. ఇంట్లోని పెద్దావిడ పెన్సిలైనా ముట్టకుండా ఈ మాట చెప్పేశారు.

ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి మాత్రం దీనిని కంప్యూటరుకు అప్పగిస్తానన్నాడు. పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసి, మూడు ఆధారాలనూ పొల్లుపోకుండా ఎక్కించాడు. తెరపై ఒక జవాబు కాదు, 84 జవాబులు వచ్చాయి! వాటిలో ఒకదాని ప్రకారం ముగ్గురూ కోరుట్లలోనే ఉన్నారు, ముగ్గురూ నర్సులే. పెద్దావిడ నవ్వి, "అలాగైతే ఎంత బాగుండేది బేటా, రోజూ కలుసుకునేవారు" అన్నారు.

ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. ఒక్కొక్కరికి మూడు ఊళ్ళు, మూడు పనులు, అంటే తొమ్మిది అవకాశాలు. ముగ్గురికీ కలిపి 729. యంత్రం వాటన్నింటినీ వరుసగా పరీక్షించి, మూడు ఆధారాలకు విరుద్ధం కానివాటిని మిగిల్చింది. ఒక ఊళ్ళో ఒకరే, ఒక పనిలో ఒకరే అన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. అది పజిల్ మొదటి వాక్యాలలోనే ఉన్నది, కానీ 'ఆధారాలు' అన్న వరుసలో లేదు గనుక అబ్బాయి వదిలేశాడు. మనిషి చదువుతూనే గ్రహించుకునే విషయం అది. ఆ రెండు నియమాలను చేర్చగానే 729 కాస్తా 36 అయ్యాయి. ఆధారాలకు నిలిచింది ఒక్కటే, పెద్దావిడ చెప్పిన జవాబే.

ఇటువంటి పజిళ్ళలో ప్రపంచమంతటా పేరుపొందినది 'జీబ్రా ఎవరిది?' అన్నది. 1962 డిసెంబరు 17న లైఫ్ ఇంటర్నేషనల్ పత్రికలో అచ్చయింది. ఐన్‌స్టీన్ చిన్నతనంలో దీనిని కల్పించాడని చెప్పుకుంటారు గానీ దానికి ఆధారమేదీ లేదు. ఐదు ఇళ్ళు, వాటికి ఐదు రంగులు, ఐదు దేశాల మనుషులు, ఐదు జంతువులు, ఐదు పానీయాలు, ఐదు రకాల సిగరెట్లు. (పిల్లలకు ఇచ్చేటప్పుడు సిగరెట్ల స్థానంలో మిఠాయిలు పెట్టుకోవచ్చు, లెక్క మారదు.) వీటిని అమర్చగల విధాలు 2,488 కోట్లకు పైబడి ఉన్నాయి. అన్నింటినీ ఒక్కొక్కటిగా చూడనవసరం లేదు. నార్వే దేశస్థుడు మొదటి ఇంట్లో ఉన్నాడని, అతని పక్కది నీలి ఇల్లని ఆధారాలున్నాయి. మొదటి ఇంటికి పక్కన ఉన్నది రెండవ ఇల్లు ఒక్కటే. కనుక ఈ రెండూ ఖాయం కాగానే విధాలు వంద కోట్లకు లోపు పడిపోతాయి. మంచి ప్రోగ్రామ్ చేసే పని అదే: ఒక అమరిక ఊహిస్తుంది, ఆధారంతో పొసగకపోతే ఆ దారిలోని వాటన్నింటినీ ఒక్కసారిగా కొట్టివేసి వెనక్కి మళ్ళుతుంది. వింతేమిటంటే, ఆ పజిల్ ఆధారాలలో ఎక్కడా జీబ్రా ప్రస్తావనే లేదు. ఐదవ జంతువు అదేనని ప్రశ్నను చూసి మనమే గ్రహించాలి. యంత్రానికైతే అదీ చెప్పాలి.

ఇలా అంచెలంచెలుగా సాగే లెక్కకు 'అల్గారిథమ్' అని పేరు. 9వ శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలంలో బగ్దాద్‌లో పనిచేసిన ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ పేరే లాటిన్‌లో రూపం మారి ఆ మాట అయింది. బీజగణితంపై ఆయన రాసిన గ్రంథంలో పెద్ద భాగం వసీయత్, వారసత్వపు లెక్కలకే కేటాయించబడింది. తెలియని రాశిని కనుగొనే ఆ విద్య మీరాస్ పంపకానికి ఎంతో అక్కరకొచ్చింది.

నేడు ఆ లెక్క ఫోనులోనే జరుగుతున్నది. ఒక వ్యక్తి మరణించాడనుకుందాం. తల్లిదండ్రులు లేరు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. అప్పులు, వసీయత్ తీరాక మిగిలిన ఆస్తిని 32 భాగాలు చేస్తే భార్యకు 4, కొడుకుకు 14, కూతుళ్ళకు చెరి 7. ప్రోగ్రామ్ దీనిని రెప్పపాటులో చెబుతుంది.

వారసుల పేర్లు నింపేది ఎవరు? సాధారణంగా ఇంటి దగ్గర ఉన్న కొడుకు. 'ఒక కూతురు' అని అతడు నింపితే యంత్రం ఎదురు ప్రశ్న వేయదు. వెంటనే 24 భాగాలు చేసి భార్యకు 3, కొడుకుకు 14, కూతురికి 7 అని చూపుతుంది. కూడితే సరిగ్గా 24. కాగితంపై ఎక్కడా తప్పు కనబడదు. కొడుకు వాటా 32లో 14 నుంచి 24లో 14కు పెరిగింది. పెళ్ళిలో కట్నం ఇచ్చాము కదా, మళ్ళీ వాటా ఎందుకన్న మాట మన ఇళ్ళలో వినబడనిది కాదు. మా అబ్బాయి మరచినది పొరపాటున, ఇక్కడ మరచేది తెలిసీ. సిరిసిల్లలో ఇంకో కూతురు ఉన్నదని ఆ ప్రోగ్రామ్‌కు ఎలా తెలుస్తుంది?