ఆమె సంతకం అక్కర్లేని అమ్మకం

జంగారెడ్డిగూడెంలో దస్తావేజులు రాసే పని నాది. పొలం తాతల నాటిదైతే కొనేవాడు అమ్మేవాడి కొడుకులనూ కూతుళ్లనూ పిలిపించి మరీ సంతకాలు పెట్టించుకుంటాడు. అమ్మేవాడి స్వార్జితమైతే ఆ బాధా లేదు. ఇంటావిడను మాత్రం ఎవరూ అడగరు. అడగమని చట్టమూ చెప్పదు.

మొన్న ఒక పొగాకు రైతు మూడెకరాలు అమ్మాడు. పెళ్లయ్యాక కొన్న పొలమే. నారుమడి నుంచి గ్రేడింగ్ దాకా ఆయనతో సమానంగా కష్టపడి, బ్యారన్ దగ్గర రాత్రుళ్లు మంట చూసుకున్న భార్య నా బల్ల పక్కనే కూర్చుంది. "నన్నేం అడగరా బాబూ?" అంది. "అక్కర్లేదమ్మా" అన్నాను. చట్టం ప్రకారం అదే సరైన జవాబు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వీలునామా రాయకుండా పోతే పిల్లలతో, అత్తగారితో పాటు ఆమెకూ ఒక వాటా వస్తుంది. ఆయన బతికుండగా ఆయన కొన్నదాంట్లో ఆమెకు వాటా లేదు. భరణం అడగొచ్చు, గృహహింస చట్టం కింద కాపురమున్న ఇంట్లో ఉండనిమ్మని అడగొచ్చు. తిండి పెట్టమనడం వేరు, ఇది నాది అనడం వేరు. పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద రాసిచ్చిన ఎకరం పూర్తిగా ఆమెదే. ఆ ఎకరాన్ని అమ్మించి భర్త పేరున వేరే పొలం కొన్న దస్తావేజులూ నా చేతిమీదుగా నడిచాయనుకోండి.

భార్యకు వాటా ఇప్పించడం ఢిల్లీ చూసుకోవాల్సిన పని అని మన నాయకులు తప్పించుకోలేరు. పెళ్లి, విడాకులు, వారసత్వం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, అంటే రాష్ట్రమూ చట్టం చేయొచ్చు. ఆ అధికారంతోనే ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలో 1986 చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానవాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసిందన్న మాట నిజమే. కానీ కేంద్రం ఆ దారికి రావడానికి 2005 దాకా పట్టింది. విడాకులప్పుడు భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇప్పించే బిల్లు 2013లో రాజ్యసభ దాటి, లోక్‌సభ గడప దగ్గరే మురిగిపోయింది. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది. వేరే ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఇద్దరిదీ. అక్కడ ఇల్లు అమ్మాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే.

ఆస్తి అడిగితే అప్పూ పంచుకోవాలి కదా అంటారు కొందరు పెద్దమనుషులు. ఆమె పేరున తెచ్చిన డ్వాక్రా అప్పు పొలం పెట్టుబడికి పోవడం వాళ్లు చూడలేదా? 2020లో పేదల ఇళ్ల పట్టాలు ప్రభుత్వమే ఆడవాళ్ల పేరున ఇచ్చింది. పల్లెలో సెంటున్నరకు యజమాని కాగలిగిన మనిషి, తను చాకిరీ చేసిన మూడెకరాల్లో సగానికి ఎందుకు కాకూడదు? పెళ్లయ్యాక కొన్న స్థిరాస్తి ఇద్దరిదీ అని అసెంబ్లీ చట్టం చేయాలి, రాష్ట్రపతి ఆమోదానికి పంపాలి.

ఆ చట్టం వచ్చేలోపు పొలం కొనేవాళ్లకు ఒక మాట. దస్తావేజులో ఇద్దరి పేర్లూ రాయించండి. రెండో పేరు చేర్చినందుకు స్టాంపు సుంకం ఒక్క రూపాయి కూడా పెరగదు.