ఎడారి నగరమునకు తరలుటకు ముందు

ఇటీవల మన సభ్యుల యిండ్లలో ఒక మాట తరచుగా వినవచ్చుచున్నది. కుమారుడు అమెరికాలోని ఫీనిక్స్ నగరమున స్థిరపడినాడు. ఇచ్చటి యిల్లును, ఉన్న నాలుగెకరములను అమ్మివేసి తల్లిదండ్రులును అచ్చటికే తరలుదురట. ఆ ప్రాంతము మనవారికి కొత్తది కాదు. పొరుగున నున్న చాండ్లరు పట్టణమున ఇంటెల్ సంస్థ 1980 నుండి కర్మాగారము నడుపుచున్నది. తైవాను దేశపు టి.ఎస్.ఎం.సి. సంస్థ ఫీనిక్స్ ఉత్తర భాగమున మరియొకటి నెలకొల్పినది. టెంపీలోని విశ్వవిద్యాలయమునకు మన పిల్లలు చదువులకై పోవుచున్నారు. చదువును, ఉద్యోగమును ఉన్నచోటికి యువకులు పోవుట సహజము. దానిని కాదనుట మా యుద్దేశము కాదు. కాని వృద్ధులు ఉన్న యిల్లు అమ్ముకొని పోవుట వేరు విషయము. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మేమెరిగినంతలో, పోయి చూచి వచ్చిన పెద్దలలో పెక్కుమంది నవంబరు, ఫిబ్రవరి మాసముల నడుమ పోయినవారే. అప్పుడు ఆకాశము నిర్మలముగా నుండును. ఎండ హాయిగా నుండును. మోకాళ్ల నొప్పులు కూడ తగ్గినట్లు తోచును. వారు వచ్చి చెప్పిన మాట అబద్ధము కాదు. కాని అది సంవత్సరములో సగము మాత్రమే.

తక్కిన సగమెట్టిదో చూడుడు. 2023వ సంవత్సరమున జూన్ చివరి దినము మొదలు జూలై 30 వరకు, 31 దినములు వరుసగా ఆ నగరమున ఎండ 43 డిగ్రీల సెంటిగ్రేడు దాటినది. అందులో 16 రాత్రులు వరుసగా వేడిమి 32 డిగ్రీలకు దిగనే లేదు. 2024లో 113 దినములు ఎడతెగక 37 డిగ్రీలకు మించి కాసినది. ఫీనిక్స్ ఉన్న మారికోపా జిల్లాలో వేడిమి కారణముగా 2023లో 645 మంది మరణించిరి.

బళ్ళారిలోను, కోవిల్‌పట్టిలోను పుట్టి పెరిగిన మనకు ఎండ యొక లెక్కయా యని కొందరందురు. మనము ఎండ నెరిగిన మాట నిజమే. కాని మన యెండకు విరుగుడు మన చేతిలోనే కలదు. వేపచెట్టు నీడ కలదు, వరండా కలదు, కుండలో నీరు కలదు, పిలిచిన పలుకు పొరుగిల్లు కలదు. అచ్చట ప్రాణమంతయు ఏ.సి. యంత్రముపై ఆధారపడి యున్నది. ఇంటిలోపలనే మరణించినవారిలో అత్యధికుల విషయమున ఆ యంత్రము లేకపోవుటయో, ఉండియు పనిచేయకపోవుటయో కనబడినది. జూలై మధ్యాహ్నమున అది ఆగిపోయి, కొడుకును కోడలును ఉద్యోగములకు పోయియుండగా, కారు నడపనెరుగని వృద్ధ దంపతులు ఎక్కడికి పోవుదురు? ఇది మొదటి ప్రశ్న. చెప్పులు లేకుండ వాకిట అడుగు పెట్టుట మన యలవాటు. అచ్చటి తారురోడ్డు వేసవిలో 70 డిగ్రీల వరకు కాగును. దానిపై పడినవారు కాలిన గాయములతో ఆస్పత్రి పాలగుచున్నారు.

రెండవ ప్రశ్న నీరు. అనంతపురమును మనము కరవుసీమ యందుము. అచ్చట ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. ఫీనిక్స్‌లో కురియునది సుమారు 180 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ నగరము త్రాగు నీటిలో గొప్ప భాగము దూరమున నున్న కొలరాడో నదినుండి 540 కిలోమీటర్ల పొడవుగల కాలువ ద్వారా యంత్రములతో ఎత్తిపోసి తెచ్చుకొన్నది. 2021 ఆగస్టులో ఆ నదికి చరిత్రలో మొదటిసారిగా కొరత ప్రకటింపబడి, అరిజోనా రాష్ట్రపు వాటాకు కోత పడినది. 2023 జూన్‌లో, కేవలము భూగర్భజలముపై ఆధారపడు కొత్త యిండ్ల స్థలములకు ఫీనిక్స్ పరిసరములలో అనుమతి నిలిపివేసిరి. అదే సంవత్సరము జనవరి 1న స్కాట్స్‌డేల్ నగరము తన పొలిమేరల వెలుపల నున్న రియో వెర్డే అను వాడకు టాంకరులతో పోవు నీటిని ఆపివేసినది. లక్షల డాలర్లు పోసి కట్టుకొన్న యిండ్లవారు కొన్ని నెలలపాటు వాననీరు పట్టుకొని, ఇంటిపని నీటిని పొదుపు చేసి కాలము గడపిరి. తరువాత ఏర్పాటు జరిగినది. కాని ఇల్లు కొనునాడు నీరెవరిదని అడుగని ఫలితము వారు అనుభవించిరి.

ఇట్లనుటచే ఆ నగరము రేపే ఎండిపోవునని మా భావము కాదు. అచ్చటివారు నీటిని భూమిలో నింపి దాచుకొనుచున్నారు. ఇల్లమ్మువాడు నూరేండ్ల నీటికి పూచీ చూపవలెనను నియమము కూడ పెట్టుకొన్నారు. అయినను ఆ నగరపు పేరులోనే ఒక హెచ్చరిక కలదు. హొహొకమ్ అను పూర్వజాతివారు ఆ చోటనే వందల మైళ్ల కాలువలు త్రవ్వి శతాబ్దులపాటు సాగు చేసి, పదునైదవ శతాబ్దిలో విడిచిపోయిరి. ఆ శిథిలములపై లేచిన ఊరు గనుకనే, బూడిదనుండి లేచు పక్షి పేరు దానికి పెట్టిరి.

మనమును వలస వచ్చినవారి సంతతివారమే. తెలుగునాటినుండి దక్షిణమునకు పోయి కరిసల్ నేలలో అడవి నరికి ఊరు కట్టుకొన్నవారి కథను కి. రాజనారాయణన్ గారు 1976లో 'గోపల్ల గ్రామము' అను తమిళ నవలగా వ్రాసినారు. అట్టి పెద్దలు ఊరు పెట్టుటకు ముందు నీరు చూచిరి, పిదప నీడ చూచిరి. ఆ వివేకము మనకు పిత్రార్జితము.

మూడవది దుమ్ము. వేసవి వానల కాలమున ధూళిగోడలు లేచి ఊరిని కప్పివేయును. ఆ మట్టిలోని ఒక బూజువలన 'వ్యాలీ ఫీవర్' అను ఊపిరితిత్తుల జ్వరము వచ్చును. మధుమేహము గలవారికి అది ముదురు ప్రమాదము హెచ్చు. దాని లక్షణములు క్షయను పోలియుండును. కావున అచ్చటినుండి తిరిగి వచ్చిన పెద్దలకు దగ్గు విడువకున్న, ఫీనిక్స్‌లో ఉండి వచ్చితిమని ఇచ్చటి వైద్యునకు తప్పక చెప్పవలెను.

వైద్యఖర్చు మాట కూడ మరువరాదు. వృద్ధులకు ప్రభుత్వ బీమా కలదు గదా యని నమ్మి పోరాదు. ఉద్యోగము చేసి పన్ను కట్టని వృద్ధులు శాశ్వత నివాసము పొందిన పిదప కూడ, ఐదేండ్లు అచ్చట ఎడతెగక ఉన్నగాని, డబ్బు కట్టియైనను అందు చేరజాలరు.

కావున మా మనవి యిది. పోదలచిన పెద్దలు ఒక జూలై, ఒక ఆగస్టు అచ్చట గడపి రావలెను. కుమారులు ఇల్లు కొనుటకు ముందు నీరిచ్చు సంస్థ ఏదో, దానికి నూరేండ్ల నీటి పూచీ కలదో లేదో కాగితముమీద చూడవలెను. యంత్రము చెడిననాడు తలదాచుకొను చోటు, పిలిచిన వచ్చు మనిషి, రెండును ముందే కుదుర్చుకొనవలెను. అంతవరకు ఇచ్చటి యింటిని అమ్మరాదు. చలికాలము కొడుకు దగ్గర, వేసవి స్వగృహమున గడపుట లోకువ కాదు. తాతల నాటినుండి తెలుగు వినబడిన వీధిలో ఒక తలుపు మూతపడిన, దానిని మరల తెరచుట కష్టము.

అచ్చట ఒక వేసవియైనను గడపి వచ్చిన సభ్యులు తమ యనుభవమును మాకు వ్రాసి పంపిన, ఈ పత్రికలో తోటివారికి అందజేయుదుము.